వంటయింటితో పనేమి?



ఓరియంటల్ కళాశాలలో తర్కసంగ్రహం వల్లె వేసిన రోజుల్లో, కొండ మీది పొగను చూసి నిప్పును ఊహించే ఆ ప్రసిద్ధానుమానం నాకు అప్పజెప్పే పాఠమే గాని ఆలోచించే పాఠం కాలేదు. ఉద్యోగంలో చేరిన పిదప ఒక లెక్కల మాస్టారు విరామవేళ నన్ను నిలదీశారు: "ఒక్క వంటయింటిని చూపి కొండను గూర్చి తీర్మానించడం నిరూపణ ఎట్లా అవుతుందండీ పంతులుగారూ? అది పోలిక గదా!" ఆనాడు నా వద్ద సమాధానం లేకపోయింది.

న్యాయసూత్రాలు అనుమానవాక్యానికి ఐదు అవయవాలు చెప్పాయి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణం, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పున్నది; పొగ ఉన్నది గనుక; పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటయింటిలో వలె; ఈ కొండా అట్టిదే; కనుక నిప్పున్నది. తొలినాళ్ళలో మూడవ అవయవం సామ్యం మీదనే నిలిచింది. మాస్టారి ఆక్షేపణ ఆ దశకు చెల్లుతుంది. తరువాత బౌద్ధుడైన దిఙ్నాగుడు హేతువుకు మూడు నియమాలు పెట్టాడు. అది పక్షంలో ఉండాలి, సపక్షంలో ఉండాలి, విపక్షంలో, అంటే మడుగు వంటి నిప్పులేని చోట్ల, ఎక్కడా ఉండరాదు. ఈ మూడవదానితో పోలిక కాస్తా నియమమైంది. నైయాయికులు దానినే వ్యాప్తి అన్నారు: పొగ ఎక్కడెక్కడ ఉంటే నిప్పు అక్కడక్కడ ఉండడం.

కిటుకంతా ఆ ద్విరుక్తిలోనే ఉంది. "ఎక్కడో" అంటే ఏదో ఒక చోటు. "ఎక్కడెక్కడ" అంటే చోట్లన్నీ. జర్మనీలో ఫ్రేగే ఈ "అన్నీ"కి తన తర్కలిపిలో గుర్తు కల్పించింది 1879లో. నేటి గణితగ్రంథాలలోని తలక్రిందుల ఏ అక్షరం 1935లో గెంట్జెన్ వాడినది. "కనీసం ఒకటి ఉన్నది" అనడానికి వెనుదిరిగిన ఈ అక్షరాన్ని అంతకుముందే పియానో వాడాడు.

నియమం ఒకవైపే నడుస్తుందని కూడా మనవారికి తెలుసు. కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. నిప్పుకు పచ్చికట్టె తోడైతేనే పొగ. ఆ తోడును ఉపాధి అన్నారు. (పరీక్షలో దీనికి మంచి మార్కులే వచ్చాయి, అర్థం కాకుండానే.)

వ్యాప్తి చెప్పిన తరువాత మరి వంటయింటితో పనేమి? కొత్త తర్కం ప్రకారం ఏ పనీ లేదు. ఆ లెక్కన ఆకాశపద్మాలన్నీ పరిమళిస్తాయన్నదీ సత్యమే. పరిమళించని ఆకాశపద్మాన్ని ఎవరు చూపగలరు? 17వ శతాబ్దపు మన తెలుగువాడు అన్నంభట్టు అటువంటి అనుమానాన్నే ఆశ్రయాసిద్ధమనే హేత్వాభాసంగా చూపాడు. పువ్వే లేనప్పుడు పరిమళం దేనికి? ఒకరిది తప్పని నేననను. గణితానికి శూన్యసమితి కావాలి. వాదసభలో నిలిచిన తార్కికునికి వస్తువు కావాలి. "అన్నీ" అన్న మాట వెనుక "కనీసం ఒకటి ఉన్నది" అని చూపడమే వంటయింటి పని అని నాకు తోస్తుంది. కేవలవ్యతిరేకిలో అట్టి దృష్టాంతం దొరకదు. ఆ చర్చ మరో టపాలో.

ఈ సమాధానం దొరకడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. మాస్టారికి ఉత్తరం వ్రాశాను. ఆయన కార్డు మీద ఒక్క ప్రశ్న మాత్రం తిరిగి పంపారు: "అందరూ పాసవలేదు అంటే, తెలుగులో ఎవరూ పాసవలేదనా, కొందరు తప్పారనా?"