చోడవరమునకు కబురు వచ్చిన త్రోవలు

1865 మే 17వ తేదీన ప్యారిసు నగరమున ఇరువది దేశముల ప్రతినిధులు కూడి, సరిహద్దు చేరిన తంతివార్తను ఈవలి దేశపు గుమాస్తా కాగితముపై దింపి ఆవలి దేశపు గుమాస్తా చేతికీయగా, ఆతడు దానిని మరల మొదటినుండి మీటవలసి వచ్చుచున్న యవస్థను తొలగింపనెంచి, ఒక యొడంబడిక చేసికొనిరి. ఆ దినమునే నేడు లోకము ప్రపంచ టెలికమ్యూనికేషను, సమాచార సమాజ దినోత్సవమని జరుపుకొనుచున్నది. ఆ సందర్భమున సమాచార సాంకేతికత మనవంటి యూరిలో నిత్యజీవితమున కెట్లు ప్రవేశించినదో వ్రాయుమని సంపాదకులవారు కోరినారు. ప్యారిసు ప్రతినిధులకు దొరకిన తీరికలో నాలుగవ వంతైనను వారు నాకు గడువుగా ఇచ్చి యుండిన, ఈ వ్యాసము మఱికొంత క్రమముగా నడచెడిదేమో.

సమాచార సాంకేతికత యనగానే బల్లమీది కంప్యూటరో, జేబులోని సెల్‌ఫోనో మనకు స్ఫురించును గాని, కబురును సేకరించి, దాచి, కావలసినపుడు వెదకి తీసి, కావలసినవానికి చేర్చెడి యుపాయము లన్నియు ఆ పేరునకు తగినవే. ఆ దృష్టితో చూచిన, స్వయంభూ విఘ్నేశ్వరుని నమ్ముకొని, చెఱకు పండించుకొని బ్రతుకుచున్న మన చోడవరమునకు ఈ విద్య క్రొత్తది కాదు.

అనకాపల్లి చెంత శంకరముకొండపై బౌద్ధభిక్షువులు నివసించిన నాడు ఇచ్చటి వార్త లే త్రోవన నడచెనో చెప్పు ఆధారములు స్వల్పము. సింహాచలమున పదునొకండవ శతాబ్ది చివరినుండి శాసనములు కనవచ్చుచున్నవి. ఎవరు ఏ దీపమున కెన్ని ఆవుల నిచ్చిరో రాతిపై చెక్కించి యందఱి కన్నుల యెదుట నిలిపిన ఆ పద్ధతి యందు దాపరికము లేదు. పిమ్మట రాజులు మాఱిరి, దొరలు వచ్చిరి. ఈ నడిమి శతాబ్దములను ఒక్క వాక్యమున దాటించుచున్నందుకు చరిత్రకారులు నన్ను మన్నింతురు గాక. ఆ కాలమంతయు ఊరి సమాచారము కరణముగారి కవిలెలో నుండెను. ఏ పొలము ఎవరిది, శిస్తు బాకీ యెంత, హద్దు ఏ తాటిచెట్టు దగ్గఱ మలుపు తిరుగును అనునది ఆయన వ్రాసినదే వ్రాత. ఆ వ్రాతయును గొలుసుకట్టు వ్రాత యగుటచే, అక్షరము వచ్చినవాడు సైతము దానిని విప్పి చదువజాలక, ఆయన నోటి మాటకై అరుగుక్రింద నిలువబడవలసినదే. సంకేతలిపి యని నేటి నిపుణులు గొప్పగా చెప్పుకొను విద్యను మన కరణములు ఏ కళాశాలలోను చదువకయే సాధించి యుండిరి.

1893 ప్రాంతమున తూర్పుతీరపు రైలుమార్గము అనకాపల్లి మీదుగా సాగగా, దానివెంట తంతితీగెయును వచ్చెను. రైలు చోడవరము వైపు తిరిగి చూడలేదు. తంతి వచ్చినదన్న మాట చెవిని బడినంతనే, విప్పి చదువుటకు ముందే, ఇంట ఆడువారు ఏడ్పు మొదలిడెడివారు. శుభవార్తకై అంత సొమ్ము వెచ్చించువారు అరుదగుటయే దానికి హేతువు. ఆ భయమును పోగొట్టుటకో యేమో తపాలాశాఖవారు శుభాకాంక్షలకు అంకెల పట్టిక నొకదానిని ఏర్పఱచిరి. దీపావళికి ఒక అంకె, వివాహమునకు ఒక అంకె, పరీక్ష నెగ్గినవానికి ఒక అంకె. తీగెమీద అంకె మాత్రమే పోవును, అవతలి యాఫీసున దానికి సరియైన పూర్తి వాక్యమును వ్రాసి యిత్తురు. పెద్ద సంగతిని చిన్న గుర్తులోనికి కుదించి పంపి, చేరినచోట మరల విప్పుకొనుట యనెడి కంప్యూటరు రహస్యము అప్పటికే మన తపాలాబంట్రోతు సంచిలో నుండెనన్నమాట. ఆ తంతివిధానము 2013 జూలైలో ముగిసినది.

కొండలలోనికి తీగె లేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడి చేసిన అల్లూరి సీతారామరాజు, తన రాకను ముందుగానే మిరపకాయలు కట్టి పంపెడి లేఖతో, అనగా మిరపకాయ టపాతో, తెలియజేసెడివాడని ఈ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. చింతపల్లిలో తాను తీసికొనిన ఆయుధముల వివరము ఠాణా పుస్తకముననే వ్రాసి సంతకము చేసి వెళ్లెను. ప్రభుత్వమువారి రికార్డును ప్రభుత్వమువారికే పూర్తిచేసి యిచ్చిన తిరుగుబాటుదారుడు మఱియొక చోట నుండెనా యని నాకు సందేహము.

ఇక టెలిఫోను. స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమంతటను లక్ష ఫోనులైనను లేవు. దూరపుటూరితో మాటాడవలెనన్న ట్రంకుకాల్ బుక్ చేసి, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా అని ఆపరేటరు అడిగిన ప్రశ్నకు జేబు తడుముకొని జవాబు చెప్పి, గంటల తరబడి పడిగాపులు పడవలెను. మూడు నిముషములు కాగానే ఆపరేటరమ్మ నడుమ ప్రవేశించి పొడిగింపవలెనా యని అడుగును. క్షేమసమాచారములు ముగిసి అసలు సంగతి అప్పుడే మొదలయి యుండును.

1984వ సంవత్సరము నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. ఆ జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కరణము, మునసబు పదవులను రద్దుచేసినది. ఆ ఆగస్టులోనే ఢిల్లీలో సి-డాట్ అను సంస్థ పుట్టినది. ఈ రెంటికిని సంబంధమున్నదని ఎవరును అనుకొనలేదు. ఒడిశాలోని టిట్లాగఢ్‌లో పుట్టి, షికాగోలో టెలిఫోను విద్యయందు పేరు గడించిన శామ్ పిట్రోడా యను నాతడు, ముప్పదియాఱు నెలలలో, ముప్పదియాఱు కోట్ల రూపాయలతో, మన యెండకు, మన దుమ్మునకు తట్టుకొనెడి ఎక్స్ఛేంజీని మనమే చేసికొందమని మాట యిచ్చినాడు. విదేశములనుండి తెచ్చిన పెద్ద ఎక్స్ఛేంజీలకు చల్లని గదులు కావలెను. మన చిన్న ఊళ్లలో మనుష్యులకే ఫంకా లేదు. సి-డాట్ వారి గ్రామీణ ఎక్స్ఛేంజీ నూట యిరువదియెనిమిది లైనులతో, శీతలయంత్రము నడుగక, మామూలు గదిలో పనిచేయునట్లు రూపొందినది. 1986లో మొదటిది కర్ణాటకములోని కిత్తూరున నెలకొన్నది. ఆ పెట్టె లోపల నున్నది మైక్రోప్రాసెసరు. మనిషి మాటను అంకెలుగా మార్చి, ఎవనికి చేర్చవలెనో వానికి కలుపుచుండును. అనగా మనవంటి పట్టణములకు కంప్యూటరు మొట్టమొదట తెరతోను, మీటలతోను ఆర్భాటముగా రాలేదు. టెలిఫోనుఖానాలోని మూలగదిలో ఎవరికంటను బడక కూర్చున్నది. దానిని గుర్తింపక మనము ఇంకను పది సంవత్సరములు కంప్యూటరు యుగము ఎప్పుడు వచ్చునా యని చర్చించుకొంటిమి.

దాని ముఖము మాత్రము బజారులో వెలసినది. పసుపుపచ్చ బోర్డు, దానిపై ఎస్.టి.డి., ఐ.ఎస్.డి., పి.సి.ఓ. అను తొమ్మిది అక్షరములు, అద్దముల గది, అందులో ఒక స్టూలు, తలపై ఎఱ్ఱని అంకెలు పరుగెత్తు మీటరు, దారమున వ్రేలాడు కోడ్ నంబరుల పుస్తకము. తలుపు మూసికొనిన ఉక్క, తెఱచిన రహస్యభంగము. మనవారు చాలమంది రహస్యమునే వదలుకొనిరి. హైదరాబాదున కొలువున్న కొడుకుతో తల్లి మాటాడుచుండ, బయటి బెంచీమీది పదిమంది ఆ కోడలికి ఏ నెలయో లెక్క వేయుచుండిరి. ప్రొద్దుపోయినకొలది రేటు తగ్గి, మిక్కిలి రాత్రికి పావుఛార్జియే యగుటచే, చోడవరము నిద్రపోవు వేళకు బూతు ముందు వరుస పెరిగెడిది. నిద్రలేపబడిన అవతలివాడు "ఏటైనాది? ఎవరికేటైనాది?" అని కంగారుపడును, ఏమియు కాలేదని, రేటు తగ్గినదని చెప్పి సమాధానపఱచుటకే రెండు రూపాయలు కరగిపోవును.

చెఱకు గానుగలాడు కాలమున ఆ బూతునకు వేఱొక శోభ కలిగెడిది. గోవాడ చక్కెర కర్మాగారమునకు పోగా మిగిలిన చెఱకును బెల్లము వండించుకొను రైతునకు అనకాపల్లి మార్కెట్టులో నాటి ధర యెంతయో తెలియుట ప్రాణప్రదము. పూర్వము దిమ్మలు బండికెత్తి, రాత్రి ప్రయాణము చేసి, తెల్లవారి మార్కెట్టున దించిన పిమ్మటనే ధర చెవిని బడెడిది. అప్పుడు నచ్చలేదని బండి త్రిప్పుకొని వచ్చువాడెవడు? బూతు వచ్చిన పిమ్మటనో, అద్దముల గదిలో నిలిచి, ప్రక్క యూరికి సైతము వినవచ్చునంత గొంతుతో, "అల్లో మావా! ఇయ్యాల పదికిలోలు ఎంత పలికింది? ... ఇనపడ్నేదు, గట్టిగా సెప్పు! ... బండి కట్టమంటావా, ఆపమంటావా?" అని అడిగి, మీటరు వంక నొకసారి, ఆకాశము వంక నొకసారి చూచి, రైతు తన నిర్ణయము తాను చేసికొనెను. కేరళ తీరమున చేపలుపట్టువారు 1997 మొదలు సెల్‌ఫోనుతో ఏ రేవున ధర యున్నదో పడవలోనుండియే విచారించుటవలన రేవు రేవునకు నుండు ధరల వ్యత్యాసము తగ్గెననియు, అమ్ముడుపోక పారవేయు చేపలు లేకపోయెననియు రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికవేత్త 2007లో నిరూపించి విద్వాంసుల మెప్పు పొందెను. ఆయన మన బజారులో ఒక పూట నిలిచియుండిన, ఆ సిద్ధాంతము యొక్క తొలిపాఠమును రెండు పల్సుల ఖర్చుతో విని యుండును.

బూతు యజమాని ఎవరికి ఎవరితో ఏ సంబంధము కుదురుచున్నదో, ఏ వర్తకుడు ఎవరికి బాకీయో, ఎవడు గల్ఫునుండి సొమ్ము పంపుట మానెనో ఎఱిగిన మనిషి. చాలచోట్ల ఆ బూతులను వికలాంగులకు ముందుగా కేటాయించిరి; కాలు కదలనివాడు ఊరి కబురులకు కూడలియైనాడు. కరణముగారి పీఠము ఆయనకు దక్కినదని నా యభిప్రాయము; అయితే ఒక్క భేదము కలదు. కరణముగారి కవిలె ఆయన వైపు తిరిగి యుండెడిది. బూతులోని మీటరు వాడుకరి వైపు తిరిగి యుండెను. అంకె కదలుట అతడు చూచును, చివరను చిన్న యంత్రము కిఱకిఱ శబ్దము చేసి బిల్లును ముద్రించి యిచ్చును, దానిలోనిది గొలుసుకట్టు కాదు. సామాన్యునకు లెక్క కనబడునట్లు చేసిన ఆ ఎఱ్ఱ అంకెలు, పిమ్మట వచ్చిన సాఫ్ట్‌వేరు సౌధము లన్నిటికంటె నాకు గొప్పగా తోచును. 1995లో సెల్‌ఫోను దేశమునకు వచ్చినను, వచ్చిన కాల్‌నకు కూడ సొమ్ము చెల్లింపవలసినన్నాళ్లు బూతునకు భయము లేకపోయెను. 2003లో ఆ నిబంధన తొలగగా పసుపు బోర్డులు ఒక్కటొక్కటిగా జెరాక్సు, రీఛార్జి దుకాణములైపోయినవి.

ఇచ్చటినుండి నా కథకు వరుస తప్పుచున్నది. సంగతులన్నియు ఒక్కసారి మీద పడుచున్నవి. 1998 నవంబరులో రాష్ట్రమున రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటరులు వచ్చెను. దినముల తరబడి పుస్తకములు తిరుగవేసి వ్రాసి యిచ్చు ఈసీ, అనగా ఆస్తి లావాదేవీల ధ్రువపత్రము, నిముషములలో చేతికందెను. దస్తావేజు లేఖరులు కనుమఱుగగుదురనుకొంటిమి, వారు కార్యాలయము ముందటనే మఱింత స్థిరపడిరి. అదే నెలలో హైదరాబాదున సైబర్ టవర్స్ తెఱచిరి, మన పిల్లలు కంప్యూటరు కోర్సులకై అమీర్‌పేట బస్సెక్కిరి. యూనికోడ్ పుణ్యమా యని తెలుగక్షరము అన్ని యంత్రములకు తెలిసినది. 2018లో జ్ఞాకారముతో కూడిన యొక తెలుగు గుర్తు చేరగానే ఆపిల్‌వారి ఫోనులు స్తంభించిపోగా, ఆ కంపెనీ ఆదరాబాదరా మందు వేయవలసి వచ్చెను. 2011 నవంబరులో మీసేవ వచ్చెను. అడంగలు, 1-బి అను భూమి పత్రములు రుసుము చెల్లించి అడిగినవారికెల్ల లభించెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకినపుడు విద్యుత్తుతోపాటు ఈ సౌకర్యములన్నియు ఒక్కపెట్టున మూగబోయినవి. ఫోనున్నవాడును లేనివాడును సమానులైరి. కబురు కావలసినవాడు నడచిపోయి తెలిసికొనెను.

తరువాత వ్రేలిముద్రల కాలము. మా తాతల నాడు నిశానీ వేయుట చదువురానివాని గుర్తు. ఇప్పుడు చౌకధరల దుకాణమున పట్టభద్రుడును యంత్రముపై వ్రేలు మోపక బియ్యము పొందజాలడు. జీవితమంతయు చెఱకు నరికి రేకలరిగిపోయిన ముసలి వ్రేళ్లను యంత్రము గుర్తింపక నిరాకరించునపుడు, ప్రక్కనున్న పడుచువాని వ్రేలు మొదటి మోపులోనే చెల్లును. టీకొట్టు బల్లమీద నల్లచుక్కల చతురస్రము వెలసినది. చిల్లర లేదను తగవు తీఱినది, కాని సొమ్ము చేరినదని డబ్బా బిగ్గఱగా పలుకువఱకు దుకాణదారు గ్లాసు నందింపడు.

ఊరు 2022లో విశాఖ జిల్లానుండి అనకాపల్లి జిల్లాలోనికి పోయినది. 2025 జనవరిలో ప్రభుత్వమువారు మనమిత్ర యను పేర వాట్సాపులోనే సేవలు మొదలిడిరి. ఆ అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖ ప్రాంతమున పదునైదు వందల కోట్ల డాలర్లతో డేటా సెంటర్లు కట్టెదనని ప్రకటింపగా, మన జిల్లాలోని రాంబిల్లి పేరు గూడ వినవచ్చినది. లోకపు కబురులన్నియు అచ్చట దాచుదురట. అయినను మీసేవ కేంద్రము ముందు వరుస తగ్గలేదు. సర్వమును ఫోనులోనే యున్నదని కేంద్రములోని కుఱ్ఱవాడు చెప్పగా, ఒక పెద్దాయన బెంచీమీద కూర్చుండి అన్ని వివరములు చెప్పించి పూర్తిచేయించెను; తుదకు ఆఱంకెల ఓటీపీ పోయినది హైదరాబాదులోని కొడుకు ఫోనునకు, ఎందుకనగా ఆధారునకు జతచేసినది ఆ నంబరే. "ఒరే నాయినా, ఆ ఆరంకెలు సెప్పరా" అని పెద్దాయన పిలుచును. కొడుకు మీటింగులో నుండెను. పది నిముషములు గడచెను, ఓటీపీ కాలము చెల్లెను, కుఱ్ఱవాడు మరల మొదటినుండి నింపుట కారంభించెను.