వీలునామాయు ప్రొబేటును: రాష్ట్రేతర తెలుగు గృహముల కథ

ఇంటి యజమాని దివంగతుడైన పిమ్మట అపరక్రియలు పండ్రెండు దినములలో ముగియును. ఆస్తి ప్రశ్న ముగియదు. అది ఎవరికి, ఏ పత్రముచే సంక్రమించును? ఈ ప్రశ్నకు నెల్లూరిలో నొక సమాధానమును, చెన్నపట్టణములో వేరొక సమాధానమును నూటయేబది సంవత్సరములకు పైగా నుండెను. రెండు చోట్లను బంధువులు, ఆస్తులు గల మన కుటుంబములు ఆ భేదమునకు గల కారణము నెరుంగుట యవసరము.

ప్రాచీన ధర్మశాస్త్రమునకు నేటి యర్థములో వీలునామా తెలియదు. కల్యాణపుర చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరయే దక్షిణదేశమున ప్రమాణము. దానిని పదుమూడవ శతాబ్దిలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించెను. పిత్రార్జితములో కుమారునకు పుట్టుకతోడనే హక్కు కలుగును. అవిభక్తుడు మరణించిన నతని భాగము మిగిలిన దాయాదులకు చెందును. ఇట్టి వ్యవస్థలో మరణించువాడు వ్రాసి యిచ్చుటకు మిగులున దేమి? 'వీలునామా' యను మాటయే ఆంగ్లపు 'విల్'కు పారసీకపు 'నామా' చేరి యేర్పడినది.

ఈ పత్రము మనకు రేవుపట్టణముల న్యాయస్థానముల ద్వారా వచ్చెను. 1726 నాటి రాజశాసనము మద్రాసు మేయరు కోర్టునకు ప్రొబేటు నిచ్చు నధికార మొసంగెను. పిదప 1798లో రికార్డరు కోర్టు, 1801లో సుప్రీము కోర్టు, 1862లో హైకోర్టు వెలసెను. జిల్లాలలో మాత్రము 1829 నాటి 5వ రెగ్యులేషను, హిందూ ధర్మమున కనుగుణమైనంత వరకే వీలునామా చెల్లునని విధించెను. పిత్రార్జితము కాని యాస్తి విషయమున నది చెల్లవచ్చునని 1856లో ప్రీవీ కౌన్సిలు మద్రాసు రాజధాని వ్యాజ్యమొకదానిలో చెప్పెను. అవిభక్త భాగమును వీలునామాచే నియ్యరాదని 1874లో మద్రాసు హైకోర్టు నిర్ణయించెను.

హిందువుల వీలునామాల చట్టము 1870 సెప్టెంబరు 1 నుండి దిగువ వంగదేశమునకును, మద్రాసు, బొంబాయి నగరములకును వర్తించెను. ఆ హద్దులనే 1925 నాటి భారత వారసత్వ చట్టము నిలుపుకొనెను. నెల్లూరి పొలమునుగూర్చి నెల్లూరిలో వ్రాసిన వీలునామాకు ప్రొబేటు అక్కరలేదు. అచ్చటనే వ్రాసినను చెన్నపట్టణపు ఇంటికి సంబంధించిన దానికి 2025 వరకు కావలసియుండెను. బొంబాయి కామాఠీపురాలోని ఇంటికిని కావలసియుండెను. షోలాపురపు నేతవాని ఇంటికి అక్కరలేదు. ఒడిస్సాలో కటకమునకు వర్తించినది, మద్రాసు రాజధానిలో నుండిన బరంపురమునకు వర్తింపలేదు.

ప్రొబేటు అనగా, ఇది మృతుని కడపటి వీలునామాయే యని న్యాయస్థానము ముద్ర వేసి యిచ్చు నిదర్శనము. వీలునామాలో పేర్కొనబడిన ఎగ్జిక్యూటరు మూలపత్రముతో అర్జీ పెట్టును. సాక్షి ప్రమాణము చేయును. వారసులకు నోటీసు వెళ్లును. ఎవరైన నాక్షేపించి పోరాడినచో నది దావాగా మారును. ప్రొబేటు పొందిన ఎగ్జిక్యూటరు ఆరు నెలలలో ఆస్తి పట్టికను, ఏడాదిలో లెక్కలను దాఖలు చేయవలెను. వీలునామా లేనిచోట వారసులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ కోరవచ్చును. రావలసిన బాకీలకు, షేర్లవంటి పత్రములకు వారసత్వ సర్టిఫికెటు కలదు. ఇందు కాలవ్యయము, ధనవ్యయము లేకపోలేదు. అయినను ప్రొబేటు చేతనున్న వితంతువు, ఆ వీలునామా నిజమైనదేయని ప్రతి దాయాది యెదుటను మరల మరల రుజువు చేయనక్కరలేదు. ఒక్క మాట మరువరాదు: ప్రొబేటు వీలునామాయొక్క నిజత్వమునే స్థాపించును, ఆస్తి మృతునిదే యని తీర్పు చెప్పదు.

యానాము కథ వేరు. 1881 నాటి ఫ్రెంచి డిక్రీ ననుసరించి స్వీయధర్మమును వదలుకొన్న 'రెనోన్సాం'లకు ఫ్రెంచి పౌరస్మృతి వర్తించెను. 1963 అక్టోబరు 1 నుండి హిందూ వారసత్వ చట్టమును అచ్చటికి విస్తరించినప్పుడును వారిని మినహాయించిరి.

ఆ చట్టము 1956లో వెలసి, అవిభక్త భాగమును సైతము వీలునామాచే ఇచ్చుటకు వీలు కల్పించెను. పిత్రార్జితములో కుమార్తెలకు పుట్టుకహక్కును ఆంధ్రప్రదేశము 1986 చట్టముచేతను, తమిళనాడు 1989లోను, కర్ణాటక మహారాష్ట్రములు 1994లోను కొన్ని పరిమితులతో నొసంగెను. 2005లో నది దేశమంతటికిని వ్యాపించెను. కావున తండ్రి తన భాగమునే వ్రాయగలడు గాని కుమార్తె భాగమును వ్రాయజాలడు.

1925 చట్టములోని 213వ సెక్షనును 2025లో పార్లమెంటు తొలగించెను. నగరమున కొక నియమము, పల్లె కొక నియమము అను భేదము అంతటితో పోయెను. ప్రొబేటు నిర్బంధము పోయినది గాని రుజువుభారము పోలేదు. ఇద్దరు సాక్షులు నేటికిని కావలెను. వివాదము వచ్చిన వారిలో నొకరైనను పలుకవలసియుండును. కనుక వయస్సులో చిన్నవారిని, చిరునామా తెలిసినవారిని సాక్షులుగా నెంచుకొనుట మేలు. మన పెద్దలు తెలుగులో వ్రాసిన దానిని తమిళము, కన్నడము, మరాఠీ, ఒడియా చదువు కచేరీలలో చూపవలసి వచ్చును; నమ్మకమైన అనువాదమును, ఏ ఊర నేయాస్తి యున్నదో తెలుపు పట్టికను జతపరచి యుంచవలెను. ఏ వకీలైనను తన పనిని ఆ కాగితములతోనే ఆరంభింపగలడు. బ్రదికియుండగా నొక్క దినము వెచ్చించి వ్రాసిపెట్టినచో, పిల్లలు పరరాష్ట్రపు కోర్టు మెట్లపై ఏండ్లు గడపకుందురు.