మైనం కరిగిన దారిలో ఇత్తడి

మా హాస్టల్ ఆఫీసు బల్ల మీద అరచేతిలో ఇమిడే ఇత్తడి ఏనుగు ఒకటి ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వోజుల చేతి పని. ఒకరోజు సాయంత్రం చదువు గంటలో ఎనిమిదో తరగతి పిల్ల దాన్ని తడిమి చూసి, "మేడం, బజారులో ఇంతకన్నా నున్నటివి తక్కువకే వస్తాయి కదా, ఇది ఇలా గరుకుగా ఉందేం?" అని అడిగింది. దానికి జవాబు ఒక్క మాటలో చెప్పలేకపోయాం. అందులో లోహశాస్త్రమూ ఉంది, మన చరిత్రా ఉంది.

వోజులు తరతరాలుగా గోండులకు, కొలాములకు దేవతా ప్రతిమలు, గంటలు, గజ్జెలు, దీపాలు పోత పోసి ఇస్తూ వచ్చారు. మైనం కరిగించి పోసే ఈ పద్ధతి ఎంతో పాతది. 1926లో మొహెంజొదారోలో బయటపడిన నాట్యకత్తె కంచు బొమ్మ కూడా ఇలా పోసిందే. దాని ఎత్తు దాదాపు 10.5 సెంటీమీటర్లు, వయసు సుమారు 4,500 ఏళ్లు.

పని ఇలా సాగుతుంది. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. దాని మీద మైనాన్ని దారాల్లా సాగదీసి చుడతారు. పైన మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి పూసి ఆరబెడతారు. కాల్చినప్పుడు మైనం కరిగిపోయి, దాని చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక మట్టిని పగలగొట్టాలి. కాబట్టి ఒక అచ్చుకు ఒక్కటే బొమ్మ.

ఇందులో ప్రతి మెట్టూ లోహం లోపలి తీరును మారుస్తుంది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమలోహం. జింకు 907 డిగ్రీల సెంటీగ్రేడుకే మరుగుతుంది. మంట మితిమీరితే అది తెల్లటి పొగై పోతుంది, మిగిలిన లోహం ఎర్రబారుతుంది. అచ్చులో తడి మిగిలితే ఆవిరి పుట్టి బొమ్మలో బొక్కలు పడతాయి. అచ్చు చల్లగా ఉంటే మైనం దారమంత సన్నటి సందుల్లోకి లోహం చేరకముందే గడ్డకడుతుంది. అందుకే అచ్చు వేడిగా ఉండగానే పోయాలి.

వేడి మట్టిలో లోహం నెమ్మదిగా చల్లారుతుంది. నెమ్మదిగా చల్లారితే లోపలి స్ఫటిక రేణువులు పెద్దవవుతాయి, త్వరగా చల్లారితే చిన్నవిగా ఉండిపోతాయి. ఈ లోపలి అమరికనే సూక్ష్మనిర్మాణం అంటారు. ఫ్యాక్టరీలో రోలర్ల మధ్య నొక్కిన ఇత్తడి రేకులో రేణువులు సాగి, రేకు గట్టిపడుతుంది. ఇంకా వంచితే పగులుతుంది కాబట్టి మధ్యలో కాల్చి మళ్లీ మెత్తబరుస్తారు. లోహం ఇత్తడే అయినా, పోస్తే ఒక గుణం, నొక్కితే ఒక గుణం, కాలిస్తే మరో గుణం.

నిజం చెప్పాలంటే బలంలో నొక్కిన రేకుదే పైచేయి. కానీ మైనం మీద పడిన వేలి ముద్రను కూడా అలాగే పట్టుకునే గుణం పోతదే. ఆ పిల్ల తడిమిన గరుకు పని లోపం కాదు, ఆ పని వదిలిన ఆనవాలు.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. తడి ఆరిందా, మంట చాలునా అని చూసి చెప్పే కన్నును మాత్రం కాపాడలేదు. అది పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే విద్య. కొలిమి దగ్గర కూర్చునే పిల్లలు లేకపోతే ఆ విద్య పెద్దలతోనే పోతుంది.

అందుకే ఈసారి సెలవులకు ఇళ్లకు వెళ్లే పిల్లలకు ఒక పని అప్పజెప్పాం. ఊళ్లో కొలిమి ఉంటే వెళ్లి కూర్చోండి, ఏ మట్టి, ఏ మైనం, ఎంతసేపు మంట అని అడిగి, తాతలు చెప్పిన మాటల్లోనే నోటు పుస్తకంలో రాసుకురండి అన్నాం. తిరిగి వచ్చాక మా సైన్సు పాఠం ఆ పుస్తకాలతోనే మొదలవుతుంది.