మరబొమ్మలు - మన్యం పసిపిల్లలు

పసిపిల్లలకు చదువు నేర్పడానికి మరమనుషులను, 'ఆగ్మెంటెడ్ రియాలిటీ' అనే దృశ్యవిద్యను వినియోగించడం నేటి కాలపు వింతగా చెప్పబడుతోంది. కాని ఈ వింత వెనుక వెయ్యేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. అందులో ముస్లిం విద్వాంసుల పాత్ర స్వల్పమైనది కాదు. భద్రాచలం అటవీ ప్రాంతపు పసివారికి ఈ యంత్రాలు ఏమేరకు ఉపకరిస్తాయో తెలుసుకోవడానికి ఆ చరిత్రను ఒకసారి పరిశీలించడం అవసరం.

క్రీ.శ. 9వ శతాబ్దిలో బాగ్దాదుకు చెందిన బనూ మూసా సోదరులు ముగ్గురు 'కితాబుల్ హియల్' అనే గ్రంథంలో దాదాపు నూరు యంత్రాలను వర్ణించారు. 11వ శతాబ్దిలో ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో, వస్తువు నుండి వెలుగు కంటికి చేరడం వల్లనే చూపు కలుగుతుందనీ, చూచినదానిని గుర్తించడంలో బుద్ధికి కూడా పాలున్నదనీ నిరూపించాడు. ఎదుట ఉన్న గదిని చూపే పలకపై లేని ఏనుగును నిలబెట్టే నేటి దృశ్యవిద్యకు ఆధారం ఈ కన్ను, బుద్ధుల సంబంధమే. అటుపిమ్మట అర్తుఖీ ప్రభువుల ఆస్థానంలో ఉన్న అల్ జజరీ 1206లో తన యంత్రగ్రంథాన్ని పూర్తిచేశాడు. ఏనుగు గడియారం, పడవలో కూర్చుని వాయిద్యాలు మ్రోగించే నలుగురు బొమ్మ వాద్యకారులు అందులో ప్రసిద్ధమైనవి.

అయితే ఈ అద్భుతాలు ప్రభువుల విందులకే పరిమితమైనాయి. మక్తబులో పసివానికి కావలసినది ఏమిటో వేరే విద్వాంసులు ఆలోచించారు. ఆరేండ్ల బాలుని గురువు వద్దకు పంపినా, ఒక్కసారిగా పుస్తకానికి కట్టివేయరాదని ఇబ్ను సీనా సలహా ఇచ్చాడు. చదువు ముగిసిన పిదప ఆటకు అనుమతించకపోతే బాలుని హృదయం మొద్దుబారుతుందని ఇమాం గజాలీ హెచ్చరించాడు. విద్యార్థిపై కాఠిన్యం అతని స్వభావాన్నే చెడగొడుతుందని ఇబ్ను ఖల్దూన్ 1377లో వ్రాశాడు.

యంత్రమూ, పసివాని ఆటా ఒకచోట కలవడానికి 20వ శతాబ్ది రావలసి వచ్చింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో సేమూర్ పాపర్ట్ బృందం పిల్లల ఆజ్ఞలపై నేలమీద నడిచే 'తాబేలు' యంత్రాన్ని తయారుచేసింది. 1974-76 మధ్య అక్కడే రాడియా పెర్ల్‌మన్, ఇంకా చదవడం రాని పిల్లలు సైతం మీటలు నొక్కి, బొమ్మల అట్టలు అమర్చి ఆ తాబేలును నడిపే ఏర్పాటు చేశారు. ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటున్నది. యంత్రం పిల్లవానికి ఆజ్ఞ ఇవ్వలేదు. పిల్లవాడే యంత్రానికి ఆజ్ఞ ఇచ్చాడు.

ఇక మన ప్రాంతం సంగతి. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనూ, తరువాత ఖమ్మం జిల్లాలోనూ ఉండి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. ఇక్కడి అడవి పల్లెలలో అనేక కోయ కుటుంబాలు ఇంట కోయభాష మాట్లాడుతాయి. దేశంలో 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం అంగన్‌వాడీలను తెచ్చింది. కాని అక్కడ పాట, కథ తెలుగులో సాగితే మూడేండ్ల కోయ బిడ్డ మూగగా కూర్చోవలసి వస్తుంది. ఈ లోపాన్ని గుర్తించి 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించింది. ఇంట ఉర్దూ మాట్లాడుతూ తెలుగు బడిలో అడుగుపెట్టే ముస్లిం బాలుని కష్టం తెలిసినవారికి ఈ ప్రయత్నపు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషులోనో, తెలుగులోనో మాత్రమే పలికే మరబొమ్మను అటువంటి బిడ్డ ముందు నిలబెడితే, అల్ జజరీ పడవను చూచిన విందు అతిథులకూ ఆ బిడ్డకూ భేదముండదు. ఆశ్చర్యం కలుగుతుంది, చదువు కలగదు. అదే బొమ్మ కోయ మాటకు కదిలితే, పలకపై ఇప్పచెట్టు కనిపించి దాని పేరు అమ్మ చెప్పే మాటలోనే వినిపిస్తే, అప్పుడది విద్యాసాధనం అవుతుంది. అయినప్పటికీ తెరకు హద్దు అవసరం. రెండు నుండి నాలుగేండ్ల పిల్లలకు రోజుకు ఒక గంటకు మించి తెర తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

కనుక మన్యంలో ఇటువంటి యంత్రాలకు ధనం వెచ్చించదలచినవారు మొదట కోయ మాటలు, కథలు, పాటలు తెలిసిన పెద్దలనూ, ఆ భాష మాట్లాడే అంగన్‌వాడీ టీచర్లనూ సమకూర్చుకోవాలి. వారు లేకుండా వచ్చే యంత్రం ఎంత ఖరీదైనదైనా, ఆ పసివానికి పరాయి బొమ్మగానే మిగిలిపోతుంది.