జెరెబు: ఆ పొగ ఎవరిది?

మలేషియాలో పెరిగిన మనకు "జెరెబు" అనే మలయ్ మాట బాగా తెలుసు. తెలుగులో దీన్ని ఏమనాలి? చాలామంది "పొగమంచు" అంటారు. కానీ జెరెబులో మంచు లేదు, పొగే ఉంది. ఆ పొగ ఎవరిది? ఈసారి ఆ ప్రశ్న చరిత్ర రాస్తున్నాను.

1997లో ఇండోనేషియాలోని సుమత్రా, కాలిమంతాన్‌లలో అడవులు, పీట్ నేలలు నెలల తరబడి తగలబడ్డాయి. గాలి ఆ పొగను మన వైపు తెచ్చింది. సెప్టెంబరులో కూచింగ్‌లో గాలి కాలుష్య సూచిక 800 దాటింది. 300 దాటితేనే చాలా ప్రమాదం అంటారు. సరవాక్‌లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

సూచిక కాలుష్యం ఎంత ఉందో చెబుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. దూరాన కాలిన చెట్టు పొగ, మన వీధిలో బస్సు పొగ దానికి ఒకటే.

ఆ తేడా రసాయన శాస్త్రం చెప్పింది. మలయా విశ్వవిద్యాలయంలో మొహమ్మద్ రాడ్జీ అబాస్, అమెరికాలో పనిచేసిన బెర్న్డ్ సిమోనైట్ కలిసి మలేషియా గాలి కణాల మీద 1996లోనే తొలి పరిశోధన ప్రచురించారు. 1997 జెరెబు రోజుల్లో కౌలాలంపూర్ దగ్గర ఆ విశ్వవిద్యాలయం ఆవరణలో కణాలను పట్టారు. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి.

ఇలాంటి పరీక్ష ఎలా చేస్తారంటే, ముందు ఒక పంపు గాలిని గంటల తరబడి వడపోత కాగితం గుండా లాగుతుంది. నల్లబడ్డ కాగితాన్ని ద్రావకంలో నానబెడితే, టీ పొడి నుంచి రంగు దిగినట్టు, సేంద్రియ పదార్థాలు అందులోకి దిగుతాయి. అందులో ఒక చుక్కను గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లోకి పంపుతారు. పొడవాటి సన్నని గొట్టంలో ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని ముక్కలు చేసి, ముక్కల బరువులు కొలుస్తుంది. వాటిని బట్టి అది ఏ పదార్థమో తెలుస్తుంది.

ఇక్కడ ముఖ్యమైన పేరు లెవోగ్లూకోసాన్. చెట్లలోని సెల్యులోజ్ కాలినప్పుడు అది పుడుతుంది. పెట్రోలు, డీజిల్ కాలితే రాదు. 1997 కణాల్లో అది బాగా దొరికింది. వాటిలోనే ఇంజిన్ ఆయిల్, వాహనాల పొగ ఆనవాళ్లు కూడా దొరికాయి. అంటే పొగ పొరుగువాళ్లదీ, మనదీ.

పర్యాటకులు భయపడతారని తర్వాత కొన్నేళ్లు ప్రభుత్వం సూచిక అంకెలను ప్రజలకు చెప్పలేదు. 2005 ఆగస్టులో పోర్ట్ క్లాంగ్, కౌలా సెలంగోర్‌లలో 500 దాటి మళ్లీ అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడే అంకెలు బయటపెట్టారు. సరిహద్దులు దాటే పొగ గురించి ఆసియాన్ దేశాలు 2002లో కౌలాలంపూర్‌లోనే ఒప్పందం చేసుకున్నాయి. ఇండోనేషియా దాన్ని ఆమోదించింది 2014లో. మనం పీల్చే గాలిలో ఏముందో తెలుసుకోవడం మన హక్కు అని నాకనిపిస్తుంది.

ఈసారి మాటలు:
కణం – చాలా చిన్న ముక్క.
వడపోత – టీ వడగట్టినట్టు, ఒకదాన్ని ఆపి మిగిలింది పోనివ్వడం.
ఆనవాలు – ఎవరు వచ్చి వెళ్లారో చెప్పే గుర్తు.

జెరెబుకు మీ ఇంట్లో ఏ తెలుగు మాట వాడతారు? కింద రాయండి.