ఇన్ఫోసిటీలో ఆ జనవరి

2009 జనవరి 7, బుధవారం. హైదరాబాద్ మాదాపూర్‌లోని ఐటీ కంపెనీ సత్యం వారి ఇన్ఫోసిటీలో మీరు మీ సీట్లో ఉన్నారు. మీ ప్రాజెక్టులో ముప్ఫై మంది అసోసియేట్లు. సత్యంలో ఉద్యోగుల్ని అలాగే పిలిచేవారు. రాత్రికి అమెరికా క్లయింట్‌తో కాల్ ఉంది, దానికోసం ఏదో రిపోర్టు సరిచూసుకుంటున్నారు. పదకొండు కావస్తుండగా పక్క వరుసలో ఒకరు లేచి నిలబడ్డారు. తర్వాత ఇంకొకరు. కీబోర్డుల చప్పుడు తగ్గింది, ఫోన్లు మోగడం పెరిగింది.

"ఛైర్మన్ గారు రాజీనామా చేశారట."

అంతవరకే అయితే మీరు ఇంత కంగారు పడరు. డిసెంబర్ 16న మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో పెద్ద వాటాను 160 కోట్ల డాలర్లకు కొంటామని కంపెనీ ప్రకటించినప్పటి నుంచి ఏదో తేడా ఉందని అందరికీ అనిపిస్తూనే ఉంది. అవి ఛైర్మన్ రామలింగరాజు గారి కుటుంబ సంస్థలు. ఆ రాత్రి న్యూయార్క్‌లో సత్యం షేరు సగానికి పైగా పడిపోతే, తెల్లారేసరికి నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. ఐటీ ఒక్కదాని మీదే ఆధారపడకుండా వ్యాపారాన్ని విస్తరించడానికి అని అప్పుడు కారణం చెప్పారు. అయినా మీరు నమ్మారు. నమ్మకపోవడానికి మీ దగ్గర ఏముంది? 108 అంబులెన్సును మన ఊళ్లకు తెచ్చిన మనిషి. ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్‌కు అధ్యక్షత వహించిన మనిషి. గట్టిగా మాట్లాడడు, గొప్పలు చెప్పుకోడు.

ఇప్పుడు ఆయన బోర్డుకు రాసిన ఉత్తరం మీ స్క్రీన్ మీద ఉంది. సెబీకి, స్టాక్ ఎక్స్ఛేంజీలకు కూడా ప్రతి పంపారు. కొద్ది పేజీలే. మీరు చదవడం మొదలుపెడతారు.

సెప్టెంబర్ 30 నాటి లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేవు. రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లు లేవు. చూపించని అప్పు 1,230 కోట్లు. క్లయింట్ల నుంచి రావలసిన బాకీలను 490 కోట్లు ఎక్కువగా చూపించారు. కింద ఇంకో లెక్క. ఆ తేదీతో ముగిసిన త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లని ప్రకటించారు, అసలు వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చెప్పారు, అసలు 61 కోట్లు.

ఆ 61 దగ్గర మీ కళ్లు ఆగిపోతాయి. ఆ త్రైమాసికంలో మీ ముప్ఫై మంది శనివారాలు కూడా వచ్చి పనిచేశారు.

చదువుతూ వెళ్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మేటాస్ కొనుగోలు విస్తరణ కోసం కాదు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నం. మూడు వారాల క్రితం చెప్పిన కారణం, అసలు కారణం పక్కపక్కన కనిపిస్తున్నాయి. మొదట్లో చిన్నదిగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందని, పులి మీద ఎక్కినవాడికి దిగే దారి తెలియనట్టు అయిందని రాశారు. చట్టం ముందు నిలబడతానన్నారు.

ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ కొందరు మెచ్చుకుంటారు. కనీసం ఒప్పుకున్నాడు కదా, అంకెలు దాచకుండా రాశాడు కదా అంటారు. నేను ఒప్పుకోను. స్పష్టత విషయంలో దానికి వంక పెట్టలేం, నిజమే. అలంకారాలు తక్కువ, అంకెలు ఎక్కువ. ఏళ్ల తరబడి మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లకు చూపించిన రంగురంగుల స్లైడ్ల కన్నా ఈ కొద్ది పేజీలు బాగా అర్థమవుతాయి. కానీ వినేవాడు ఏం చేయాలో నిర్ణయించుకునే సమయంలో చెప్పని మాట ఎంత విడమరిచి చెప్పినా వాడికి అక్కరకు రాదు. పైగా ఆ ఉత్తరంలోనే, ఈ సంగతి బోర్డు సభ్యులెవరికీ తెలియదని ఉంది. కానీ 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు, అప్పట్లో ఎండీగా బోర్డులో ఉన్న ఆయన తమ్ముడు రామరాజును, మరో ఎనిమిది మందిని దోషులుగా తేల్చింది. పై కోర్టు తర్వాత శిక్ష అమలును నిలిపి బెయిల్ ఇచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం కెలుకుతున్నారే గానీ ఎవరూ తినడం లేదు. షేరు ముందు రోజు 179 రూపాయల దగ్గర ముగిసింది, ఇవాళ 40కి దిగింది. సెన్సెక్స్ దాదాపు 750 పాయింట్లు పడిపోయింది. దేశంలో, విదేశాల్లో కలిపి యాభై వేలకు పైగా సత్యం ఉద్యోగులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మీ టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు మీ దగ్గరికే వచ్చి అడిగాడు.

"అన్నా, ఈ నెల జీతం పడుతుందా?"

సాయంత్రం ఊరి నుంచి అమ్మ ఫోన్. "ఏరా, టీవీలో పొద్దుట్నుంచీ మీ కంపెనీ సంగతే చెబుతున్నారు. నీకేం కాదు కదా?"

మీ నోటిదాకా వచ్చిన మాట "ఏం కాదమ్మా, అంతా బాగానే ఉంది." అమ్మతో ఆ మాట అనేయవచ్చు, ఆవిడ నమ్మినట్టు నటిస్తుంది కూడా. రాత్రి తొమ్మిదిన్నరకు క్లయింట్ కాల్‌లో అదే మాట అనగలరా?

పైనుంచి మీకు ఏ సూచనా రాలేదు. లైన్ కలిసింది. అటువైపు మామూలు పలకరింపులు లేవు. వాళ్ల మేనేజర్ సూటిగా అడిగాడు. సోమవారం మీ మనుషులు పనికి వస్తారా, రారా?

ఇప్పుడు మీరే నాయకుడు. కాన్ఫరెన్స్ గదిలో మీతో పాటు నలుగురు మీ ముఖమే చూస్తున్నారు. మీకు తెలిసింది కొంచెం, తెలియనిది చాలా ఎక్కువ. ఆ రెండిటినీ విడదీసి చెప్పడం మొదలుపెడతారు. కంపెనీ ఖాతాలో ఎంత డబ్బు ఉందో నాకు తెలియదు. జీతాల గురించి నాకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసింది ఇది: ఈ రోజు ముప్ఫై మందీ వచ్చారు, ఎవరూ రాజీనామా ఇవ్వలేదు. మీ కోడ్ అంతా మీ సర్వర్లలోనే ఉంది. శుక్రవారం ఇవ్వాల్సిన భాగం శుక్రవారమే ఇస్తాం. రేపు ఇదే సమయానికి నేనే ఫోన్ చేస్తాను, కొత్త సంగతి లేకపోయినా చేస్తాను.

అటు కాసేపు మాట లేదు. తర్వాత "రేపు మాట్లాడదాం" అని పెట్టేశాడు. ధైర్యం చెప్పలేదు, బెదిరించలేదు. రేపటిదాకా గడువు ఇచ్చాడు. ఆ రాత్రికి మీకు కావలసింది అంతే. శుక్రవారం ఆ భాగం వెళ్లకపోతే మాత్రం, మీరు చెప్పిన మిగతా నిజాలు కూడా అతని దృష్టిలో అబద్ధాలైపోతాయి.

మర్నాడు తాత్కాలిక సీఈవోగా ఉన్న రామ్ మైనంపాటి హైదరాబాద్‌లో విలేకరుల ముందుకొచ్చి, చేతిలో ఉన్న నగదు ఆశాజనకంగా లేదని ఒప్పుకున్నారు. చేదు మాటే, అయినా అది విన్నాక మీ టీమ్‌లో ఒకావిడ అంది, "పోనీ, ఇదైనా ఉన్నది ఉన్నట్టు చెప్పారు." శుక్రవారం రాజు గారిని అరెస్టు చేశారు. కేంద్రం పాత బోర్డును తప్పించింది. ఆదివారం ముగ్గురు కొత్త డైరెక్టర్ల పేర్లు వచ్చాయి. హెచ్‌డీఎఫ్‌సీ దీపక్ పరేఖ్, నాస్‌కామ్ మాజీ ప్రెసిడెంట్ కిరణ్ కార్నిక్, న్యాయ నిపుణుడు సి. అచ్యుతన్.

జనవరి 12, సోమవారం. ఆ ముగ్గురూ హైదరాబాద్‌లోనే సమావేశమై, తర్వాత విలేకరులతో మాట్లాడారు. మీరు టీవీ ముందు నిలబడి చూస్తున్నారు. కంపెనీని కాపాడేస్తామన్న మాట కోసం ఎదురుచూస్తున్నారు. ఆ మాట రాలేదు. వచ్చింది చిన్న మాట. లెక్కలు తిరగరాయడానికి పేరున్న స్వతంత్ర అకౌంటింగ్ సంస్థను 48 గంటల్లో నియమిస్తామన్నారు.

నిరాశ పడ్డారు కదూ? ఇంత పెద్ద గండంలో ఉంటే అకౌంటెంట్ల గురించి చెబుతారేమిటని. కానీ ఆ మాటకు గడువు ఉంది, ఎవరైనా లెక్కపెట్టి చూసుకోవచ్చు. జనవరి 14న కేపీఎంజీ, డెలాయిట్‌ల నియామకం జరిగింది. ఆ రోజుల్లోనే పాత ఆడిటర్ ప్రైస్ వాటర్‌హౌస్, తన ఆడిట్ అభిప్రాయాల మీద ఇక ఆధారపడవద్దని చెప్పింది. అంటే కంపెనీ చేతిలో నమ్మదగిన బ్యాలెన్స్ షీటు ఒక్కటి కూడా లేదు. మిగిలింది ఆ బోర్డు నోటి మాట. దాన్ని వాళ్లు పొదుపుగా వాడారు. బోర్డులోకి మరో ముగ్గురు వచ్చారు. జనవరి జీతాలు పడ్డాయి. ఫిబ్రవరి 5న, సంస్థలో ఏళ్లుగా పనిచేస్తున్న ఎ.ఎస్. మూర్తిని సీఈవోగా నియమించారు. బయటి నుంచి పేరున్న వ్యక్తిని తెచ్చి ఉంటే పత్రికలు మెచ్చుకునేవేమో. మీ ఫ్లోర్‌లో మాత్రం, మనవాడి చేతికే ఇచ్చారన్న సంగతి అన్ని ప్రకటనల కన్నా గట్టిగా వినిపించింది.

క్లయింట్లు కొందరు వెళ్లిపోయారు, మీ స్నేహితుల్లోనూ కొందరు వెళ్లిపోయారు. కథ సుఖాంతమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కంపెనీలు నడిపేవాళ్లు, రేపు నడపబోయేవాళ్లు జనవరి 7 నుంచి ఏప్రిల్‌లో వేలం దాకా గడిచిన ఆ మూడు నెలల్ని రోజువారీగా చదవాలని నా కోరిక. మన బిజినెస్ స్కూళ్లలో ప్రజంటేషన్ ఎలా ఇవ్వాలో నేర్పుతారు, ఎక్కడ నవ్వాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా. చెప్పబోయే అంకెను తానే ఒకసారి తనిఖీ చేసుకోవాలని, తెలియనిది తెలియదని ఒప్పుకోవాలని, మళ్లీ ఎప్పుడు చెబుతాడో తేదీ ఇవ్వాలని, ఆ తేదీ నాడు కనిపించాలని అంతే శ్రద్ధగా నేర్పాలి. ఇందులో ఏదీ ఇంగ్లీషు ధాటి మీద ఆధారపడదు. తెలుగు మీడియంలో చదివి పైకొచ్చిన మేనేజరైనా రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు.

2009 ఏప్రిల్ 13న సత్యంలో వాటాకు వేలం జరిగింది. ఎల్ అండ్ టీ షేరుకు 45.90 రూపాయలు, విల్బర్ రాస్ 20 రూపాయలు పలికితే, టెక్ మహీంద్రా 58 రూపాయలకు గెలుచుకుంది. 31 శాతం వాటాకు దాదాపు 1,757 కోట్ల రూపాయలు. సరిచేసిన లెక్కలు అప్పటికి తయారు కాలేదు. అవి బయటికొచ్చింది 2010 సెప్టెంబర్‌లో.