క్రిస్మస్ దీపాల రంగులు

క్రిస్మస్ పండుగ కాలంలో ఇళ్ల వెలుపల, చెట్లపైన, వీధులలో అలంకరించే విద్యుద్దీపాలను క్రిస్మస్ దీపాలు అంటారు. ఇవి మొదట అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వాడుకలోకి వచ్చి, తరువాత అనేక దేశాలకు వ్యాపించాయి. తెలుగునాట సీరియల్ సెట్లు, సీరియల్ బల్బులు అని పిలిచేవి ఈ కోవకు చెందినవే. ఈ దీపాల రంగులకు ప్రజలు రకరకాల అర్థాలు చెప్పుకుంటారు. వీటిలో కొన్ని క్రైస్తవ ఆచారం నుండి, కొన్ని జాతీయ భావన నుండి వచ్చాయి. మరికొన్ని కేవలం బల్బుల తయారీలోని పరిమితుల వలన ఏర్పడ్డాయి. ఏ రంగుకూ అన్ని చోట్లా చెల్లే ఒకే అర్థం లేదు.

చరిత్ర

విద్యుత్తు రాకముందు జర్మన్ ప్రాంతాలలో క్రిస్మస్ చెట్టు కొమ్మలకు మైనపు వత్తులు అమర్చి వెలిగించేవారు. ఎండిన కొమ్మలకు నిప్పంటుకునే ప్రమాదం ఉండడం వలన వాటిని కొద్దిసేపు మాత్రమే, పక్కన నీళ్లు ఉంచుకుని వెలిగించేవారు.

థామస్ ఆల్వా ఎడిసన్ సహచరుడైన ఎడ్వర్డ్ హెచ్. జాన్సన్ 1882 డిసెంబరులో న్యూయార్క్‌లోని తన ఇంటిలో మొదటిసారిగా ఒక చెట్టును విద్యుద్దీపాలతో అలంకరించాడు. దానికి 80 చిన్న బల్బులను చేతితో తీగలు కలిపి అమర్చారు. చెట్టు విద్యుత్తు సహాయంతో తన చుట్టూ తాను తిరిగేది. ఆ బల్బుల రంగులు ఎరుపు, తెలుపు, నీలం. ఇవి అమెరికా జాతీయ పతాకంలోని రంగులు. నేడు క్రిస్మస్ రంగులుగా అందరూ చెప్పే ఎరుపు, ఆకుపచ్చల జంట ఆ తొలి చెట్టుపై లేదు.

అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ కాలంలో శ్వేతసౌధంలోని చెట్టుకు విద్యుద్దీపాలు పెట్టారు. కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో 1920 నుండి ఒక వీధికి ఇరువైపులా ఉన్న పెద్ద చెట్లకు దీపాలు కట్టడం ఆనవాయితీ అయింది. ఆ చెట్లు హిమాలయ ప్రాంతానికి చెందిన దేవదారు జాతివి. 1923 డిసెంబరు 24న అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ వాషింగ్టన్‌లో మొదటి జాతీయ క్రిస్మస్ చెట్టును వెలిగించాడు. 48 అడుగుల ఆ చెట్టుపై ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులలో 2,500 బల్బులు ఉన్నాయి. జాన్సన్ చెట్టుపై ఉన్న నీలం స్థానంలో ఇక్కడ ఆకుపచ్చ చేరింది.

రంగులు - అర్థాలు

ఎరుపు: క్రైస్తవ వివరణలో ఇది క్రీస్తు రక్తానికి గుర్తు. ఐరోపాలో చలికాలంలో కాచే హాలీ పొద ఎర్రని పండ్లు కూడా ఈ రంగుకు ఒక మూలం. మధ్యయుగంలో డిసెంబరు 24న ఆదాము, హవ్వల కథను నాటకంగా ఆడేటప్పుడు పచ్చని చెట్టుకు ఆపిల్ పండ్లు కట్టేవారు.

ఆకుపచ్చ: మంచు కాలంలోనూ ఆకు రాల్చని చెట్ల రంగు. కాబట్టి నిత్యజీవానికి, ఆశకు చిహ్నం.

తెలుపు: స్వచ్ఛత, మంచు, నక్షత్రకాంతి.

పసుపు, బంగారు రంగు: బేత్లెహేము నక్షత్రానికి, జ్ఞానులు శిశువుకు సమర్పించిన బంగారానికి గుర్తు.

నీలం: క్రైస్తవ చిత్రకళలో మరియమాత పైవస్త్రం రంగు. యూదుల హనుక్కా పండుగ అలంకరణలో నీలం, తెలుపు కలిపి వాడతారు. విధి నిర్వహణలో మరణించిన పోలీసులను స్మరిస్తూ పండుగ రోజులలో కిటికీలో నీలి దీపం పెట్టే ఆచారం కూడా అమెరికాలో ఉంది. పొరుగింటి కిటికీలో ఒంటరిగా వెలిగే నీలి దీపం అలంకరణ కాకపోవచ్చు. ఆ ఇంటివారి దుఃఖానికి గుర్తు కావచ్చు.

ఊదా: క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు రంగు. అనేక చర్చిలలో ఆ నాలుగు ఆదివారాలకు మూడు ఊదా, ఒక గులాబీ రంగు వత్తులు వెలిగిస్తారు. నారింజతో కలిపి వాడినప్పుడు మాత్రం ఊదా అక్టోబరు 31న వచ్చే హాలోవీన్‌ను గుర్తు చేస్తుంది.

ఎరుపు, నలుపు, ఆకుపచ్చ కలయిక ఆఫ్రికన్ అమెరికన్లు డిసెంబరు 26 నుండి జనవరి 1 వరకు జరుపుకునే క్వాంజా పండుగకు చెందినది. ఈ పండుగ 1966లో మొదలైంది. ఎరుపు, ఆకుపచ్చలు క్రిస్మస్‌లో ఉన్నవే అయినా ఇక్కడ వాటి అర్థం వేరు.

వెలిగించని దీపాలు

దీపాలను వెలిగించకపోవడం కూడా ఒక సందేశమే. 1979లో ఇరాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్నప్పుడు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జాతీయ క్రిస్మస్ చెట్టు శిఖరాన ఉన్న నక్షత్రాన్ని మాత్రమే వెలిగింపజేశాడు. బందీలు తిరిగి వచ్చాకనే మిగిలిన దీపాలు వెలుగుతాయని ప్రకటించాడు. చుట్టూ ఉన్న 50 చిన్న చెట్లు బందీలకు ప్రతీకలు. 1980 డిసెంబరులో వారు బందీలుగా గడిపిన రోజుకు ఒక సెకను చొప్పున 417 సెకన్లు మాత్రమే చెట్టును పూర్తిగా వెలిగించారు. 1981 జనవరి 20న బందీలు విడుదలయ్యారు.

సాంకేతిక కారణాలు

తంతువు వేడెక్కి వెలిగే బల్బు కాంతి సహజంగా పసుపు ఛాయలో ఉంటుంది. గాజుకు రంగు పూసి మిగిలిన రంగులు రాబట్టేవారు. ఆ కాంతిలో నీలం పాలు తక్కువ కాబట్టి నీలి బల్బులు మసకగా ఉండేవి. ఎక్కువ కాంతిని పూతే పీల్చుకునేది.

వెలుగు డయోడులు, అనగా ఎల్‌ఈడీలు, ఈ స్థితిని మార్చాయి. కంటికి కనిపించే ఎరుపు ఎల్‌ఈడీ 1962లో తయారైంది. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీకి 1990వ దశకం వరకు వేచి ఉండవలసి వచ్చింది. దానిని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. సాధారణంగా నీలి ఎల్‌ఈడీపై పసుపు కాంతినిచ్చే పొడి పూసి తెల్లని కాంతిని పొందుతారు. అందువలననే ఎల్‌ఈడీ తెలుపు ఒక్కొక్కసారి నీలి ఛాయలో, చల్లగా కనిపిస్తుంది. పాత బల్బు ఛాయ కావలసినవారు 2,700 నుండి 3,000 కెల్విన్ల మధ్య ఉన్న వెచ్చని తెలుపును ఎంచుకుంటారు.

రంగుల ఎంపిక

* వెచ్చని తెలుపు, చల్లని తెలుపు ఒకే గోడపై కలిపితే ఒకటి పాతబడినట్లు కనిపిస్తుంది. ఏదో ఒకటే వాడడం మేలు.
* కంటి కటకం నీలి కాంతిని రెటీనాకు కొంచెం ముందుగానే కేంద్రీకరిస్తుంది. కాబట్టి దూరం నుండి నీలి దీపాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి.
* కొందరికి, ముఖ్యంగా పురుషులలో, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. ఆ రెండు రంగులే వాడితే వారికి అలంకరణ ఒకే రంగుగా తోచవచ్చు. నడుమ తెలుపు చేర్చితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.
* బల్బుల పేర్లలోని సంఖ్య వ్యాసాన్ని అంగుళంలో ఎనిమిదో వంతులలో తెలుపుతుంది. సి7 బల్బు వ్యాసం 7/8 అంగుళం, సి9 బల్బుది 9/8 అంగుళం.

భద్రత

అమెరికాలో అమ్మే దీపాల తీగలపై అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ ముద్ర ఉంటుంది. ఈ ముద్రల రంగులకు పండుగతో సంబంధం లేదు. ఎరుపు ముద్ర ఉన్నవాటిని ఇంటి లోపలా, బయటా వాడవచ్చు. ఆకుపచ్చ ముద్ర ఉన్నవి లోపలికి మాత్రమే. ఆకుపచ్చ అంటే అనుమతి అని భావించి ఆరుబయట కట్టడం ప్రమాదకరం.

అమెరికాలో విద్యుత్తు 120 వోల్టులు, భారతదేశంలో 230 వోల్టులు. అమెరికాలోని బంధువులు తెచ్చిన 120 వోల్టుల సెట్టును ఇక్కడ నేరుగా తగిలించరాదు. పాత చిన్న బల్బుల సెట్లలో సుమారు 2.5 వోల్టుల బల్బులు 50 వరుసగా కలిపి ఉంటాయి. రెట్టింపు వోల్టేజి వాటిని కాల్చివేస్తుంది.

తెలుగువారి వాడుక

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో క్రిస్మస్‌కు ఇంటి ముందు కాగితపు నక్షత్రాన్ని వేలాడదీసి లోపల బల్బు పెడతారు. నక్షత్రం ఏ రంగుదైనా దాని అర్థం బేత్లెహేము నక్షత్రమే. ఇక్కడ అర్థాన్ని ఇచ్చేది రంగు కాదు, ఆకారం. అవే సీరియల్ సెట్లు వినాయక చవితి పందిళ్లకు, దీపావళికి, పెళ్లిళ్లకు కూడా కడతారు కాబట్టి, వాటిలోని విడివిడి రంగులకు ప్రత్యేకమైన అర్థం చెప్పుకోరు. దీపాల వరుస మొత్తం కలిసి ఆ ఇంట శుభకార్యం జరుగుతున్నదని తెలుపుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొందరు దీపావళికి కట్టిన దీపాలను నూతన సంవత్సరం వరకు ఉంచుతారు.

ఇవి కూడా చూడండి

* క్రిస్మస్
* దీపావళి
* హనుక్కా
* కాంతి ఉద్గార డయోడు